పసుపు ఇంటి వైద్యానికి ఎలా వాడాలి: కొమ్ము కొనడం దగ్గర్నుంచి పట్టు వేయడం దాకా

ముందు ఒక పని చేయండి. వంటింట్లోకి వెళ్లి గాజు గ్లాసు నిండా నీళ్లు పట్టి, మీరు రోజూ కూరల్లో వేసే పసుపు ఒక చెంచా ఆ నీళ్ల మీద చల్లి, కదపకుండా పది నిమిషాలు వదిలేయండి. మంచి పసుపైతే మెల్లగా అడుక్కి దిగిపోతుంది, పైన నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి. అలా కాకుండా గ్లాసు మొత్తం ముదురు పసుపుగా మారిపోయిందంటే అందులో రంగు కలిసిందని అనుమానించాలి. ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు, తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఇళ్లలో చేసుకోమని చెప్పిన పరీక్షే.

పసుపు పాలు ఎలా కాచాలి, బెణికితే పట్టు ఎలా వేయాలి అని అడిగే వాళ్లందరికీ నేను ముందు ఈ గ్లాసు సంగతే చెప్తాను. పుండు మీద పెట్టేదీ, పిల్లలకి పాలల్లో కలిపి తాగించేదీ ముందు అసలు పసుపు అయి ఉండాలి కదా. పసుపు కొమ్ములు బాగా మెరవాలని, పొడికి రంగు రావాలని లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు కలిపే దుర్మార్గం మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ చాలాసార్లు బయటపడింది. లెడ్ అంటే సీసం. అది ఒంట్లోకి చేరితే ఊరికే పోదు, ఎముకల్లో నిలిచిపోతుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. జలుబు తగ్గాలని బిడ్డకి రోజూ పసుపు పాలు ఇస్తూ, ఆ పాలతోనే సీసం పోస్తుంటే ఎంత ఘోరం! ఇంకో మాట, నీళ్ల గ్లాసు పరీక్ష రంగు బాగా ఎక్కువ కలిపిన పసుపునే పట్టిస్తుంది, కొంచెం కలిపితే తెలియదు, సీసం ఉందో లేదో కచ్చితంగా తేలేది ల్యాబ్‌లోనే. అందుకే నా సలహా ఒక్కటే, మందుకి వాడే పసుపు మాత్రం కొమ్ములు కొని మీరే పొడి పట్టించుకోండి.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు, పొగాకు వేసే ఇల్లు. పెళ్లయి వచ్చింది నెల్లూరు పక్కన ఇందుకూరుపేట వైపు, ఇక్కడ అంతా వరి. అక్కడ పొగాకు కొట్టేటప్పుడు వేళ్లకి తగిలే కత్తి గాట్లు, ఇక్కడ నాట్లు వేసి వేసి నానిపోయే కాళ్లు, రెండిళ్లలోనూ మొదట చెయ్యి పోయేది పసుపు డబ్బా మీదకే. కాబట్టి ఇందులో ఏది పనికొచ్చింది, ఏది బెడిసికొట్టింది రెండూ చూశాను, రెండూ చెప్తాను.

కొమ్ములు కొనడం, పొడి పట్టించడం

పసుపు పంట చేతికి రావడానికి ఏడు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. సంక్రాంతి దాటాక తవ్వకాలు మొదలై, ఉడకబెట్టి, రెండు వారాల దాకా ఎండబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్‌కి తెస్తారు. మనకి దగ్గర్లో పెద్ద పసుపు మార్కెట్ గుంటూరు జిల్లా దుగ్గిరాల. ఒంగోలు, నెల్లూరు కొట్లలో అడిగితే దుగ్గిరాల కొమ్ములనో కడప కొమ్ములనో చెప్పి ఇస్తారు, నెల్లూరులో అయితే నేను స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లకి వెళ్తాను. ఉగాది వెళ్లాక కొంటే కొత్త పంట సరుకు దొరుకుతుంది, పైగా ఎండలు కూడా అప్పుడే గట్టిగా ఉంటాయి, మనకి కావలసింది అదే.

మా అవ్వ అనేది, "కొమ్ము విరిచి చూడందే కొనబాక అమ్మాయ్." ఇప్పటికీ అలాగే కొంటాను. కొమ్ము చేతిలోకి తీసుకుని విరవండి. బాగా ఎండినదైతే టక్కుమని గట్టి చప్పుడుతో విరుగుతుంది, లోపల ముదురు నారింజ రంగు కనబడుతుంది. వంగిందంటే తేమ ఉన్నట్టు, అలాంటిది తెచ్చి నిల్వ పెడితే బూజు పట్టడం ఖాయం. పైన మాత్రం మరీ మెరుస్తూ, పట్టుకుంటే వేళ్లకి పచ్చగా పొడి అంటుకుంటూ ఉంటే వదిలేయండి. కాస్త మాసినట్టు, మట్టిరంగు కలిసినట్టు ఉండే కొమ్మే నాకు నమ్మకం. కొట్టతను ఒప్పుకుంటే రెండు కొమ్ములు నీళ్లలో వేసి చూడండి, మంచి కొమ్ము వెంటనే రంగు దిగదు.

కొమ్ములూ కాయలూ అని రెండు రకాలు ఉంటాయి, కాయలంటే మొదట్లో ఉండే గుండ్రటి దుంపలు, కొంచెం తక్కువ ధరకి వస్తాయి. వంటకి ఏదైనా ఫర్వాలేదు గానీ విరిచి చూసుకోవడానికి కొమ్ములే వీలు. నలుగురున్న ఇంటికి ఏడాదికి కిలో చాలు. రోజుకి అర చెంచా కూరల్లోకి వాడినా ఏడాదికి అరకిలో పైచిలుకే అవుతుంది, మిగతాది మందుకీ, శుక్రవారం గడపకీ సరిపోతుంది.

ఇంటికి తెచ్చాక ఇలా చేయండి. కొమ్ములు ఒకసారి నీళ్లలో గబగబా కడిగి, నాననివ్వకుండా వెంటనే తీసి గుడ్డతో తుడిచి, మేడ మీద పాత చీర పరిచి మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టండి. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేయాలి, మంచుకి వదలకూడదు. తర్వాత రోట్లో వేసి చిన్న ముక్కలుగా దంచండి, ఇది కాస్త ఒళ్లు నొప్పే పనే, కొమ్ము రాయిలాగా ఉంటుంది. మిక్సీలో నేరుగా వేయకండి, బ్లేడు పోతుంది.

మరకి తీసుకెళ్లేటప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మన ఊళ్లలో పసుపు పట్టేదీ కారం పట్టేదీ చాలా చోట్ల ఒకే మరలో. ఎండాకాలం అంతా మిరపకాయలే నడుస్తుంటాయి. కారం పట్టిన వెంటనే పసుపు వేస్తే ఆ కారం అంతా మన పసుపులోకి వస్తుంది, కూరలో తెలియదు గానీ తెగిన వేలు మీద పెట్టినప్పుడు ప్రాణం పోతుంది. ఒకసారి మా పెద్దపాపకి మోకాలు గీసుకుపోతే ఇలాంటి పసుపే రాసి, అది ఎందుకంత ఏడుస్తుందో అర్థం కాక నేనూ ఏడ్చాను. అప్పట్నుంచి పొద్దున్నే మర తెరవగానే మొదటి వంతు నాదే అని ముందు రోజే చెప్పి పెట్టుకుంటాను. అలా కుదరకపోతే మొదట వచ్చిన నాలుగైదు గుప్పిళ్లు వేరే కవర్‌లో పట్టి వంటకి పెట్టుకోండి, తర్వాత వచ్చేదే మందుకి.

పొడి చల్లారాక పలుచటి నూలు గుడ్డలో వేసి జల్లించండి. పాతకాలం వాళ్లు దీన్నే వస్త్రఘాళితం అంటారు. పీచూ, గరుకూ గుడ్డలో మిగిలిపోయి, చేతికి పౌడర్‌లాగా తగిలే పొడి కిందికి దిగుతుంది. అది తడి లేని చిన్న సీసాలో పోసి, మూత గట్టిగా పెట్టి, అలమరలో చీకటిగా ఉండే చోట పెట్టండి. పసుపుకి వెలుతురు శత్రువు, కిటికీ దగ్గర గాజు సీసాలో పెడితే నెలల్లో రంగు పాలిపోతుంది. ఈ సీసాలో చెంచా కూడా వేరేది ఉంచండి, కూర కలిపిన చెంచా పెట్టొద్దు.

పూజ సామాన్ల కొట్లో దొరికే పసుపు ప్యాకెట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మందుకి వాడొద్దు. అవి తినడానికి తయారు చేసినవి కావు. కస్తూరి పసుపు కూడా వేరే మొక్క, ఒంటికి నలుగులో రాసుకోవడానికే గానీ పాలల్లో కలపడానికి కాదు.

చిన్న గాట్లు, గీరుకుపోయిన చోట్లు

పసుపు గాయానికి మంచిదన్నది మనకి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. 1995లో అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్లకి గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చేశారు. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసి, ఇది మా దేశంలో తరతరాలుగా తెలిసిందే అని పాత గ్రంథాలు, వ్యాసాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆ వార్త తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. అయితే తరతరాలుగా తెలిసింది కదా అని ఎలా పడితే అలా పూసేస్తే కుదరదు, వరస ముఖ్యం.

మొదట నీళ్లు. కుళాయి కింద గాయం పెట్టి ఐదు నిమిషాలు నీళ్లు ధారగా పారనివ్వండి, చుట్టూ చర్మాన్ని సబ్బుతో కడగండి, మట్టి, ఇసుక రేణువు ఒక్కటి కూడా మిగలకూడదు. తర్వాత శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి, పది నిమిషాలు, మధ్య మధ్యలో తీసి చూడకుండా. రక్తం ఆగాక, గాయం పైపైనే ఉందని రూఢి అయ్యాక, అప్పుడు పసుపు. పొడి అలాగే కుక్కడం కంటే నూనెలో కాచి పెట్టుకున్నది మేలు. రెండు చెంచాల కొబ్బరి నూనెలో పావు చెంచా పసుపు వేసి సన్న సెగ మీద నురగ వచ్చేదాకా, ఒక రెండు నిమిషాలు కాచి, పూర్తిగా చల్లార్చి, పలుచగా రాయండి. మందంగా మెత్తొద్దు, లోపల ఏం జరుగుతుందో కనబడాలి. రోజూ కడిగి మళ్లీ రాయాలి. కాచిన నూనె మూడు నాలుగు రోజులకి మించి ఉంచకుండా మళ్లీ కొత్తగా కాచుకోండి.

మా నాన్న ఒంగోలు గిత్తలకి కాడి ఒరుసుకుని మెడ మీద పుండు పడితే పసుపు, వేపనూనె కలిపి రాసేవాడు, ఈగ వాలకుండా ఉండేది. కానీ పుండు మానేదాకా ఆ గిత్తకి కాడి ఎత్తనిచ్చేవాడు కాదు. మందు కంటే ఆ విశ్రాంతే సగం పని చేసిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

గాయం లోతుగా ఉన్నా, అంచులు విచ్చుకున్నా, తుప్పు పట్టిన మేకో ఇనుమో గుచ్చుకున్నా పసుపు జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లి కడిగించుకుని టీటీ (ధనుర్వాతం టీకా) సంగతి అడగండి. కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టబాకండి. పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించుకోవాలి. పుట్టిన బిడ్డ బొడ్డు మీద పసుపు పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి మానండి, ఆ బొడ్డు పొడిగా, ఏమీ రాయకుండా ఉండాలి. ఆపరేషన్ కుట్ల మీదా, కళ్లలోనూ, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుళ్ల మీదా కూడా వద్దు.

కాలినప్పుడు మాత్రం కాదు

దీనికి విడిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది. పొగాకు బ్యారన్, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే గది, కాల్చే రోజుల్లో లోపల గొట్టాలు ఎర్రగా కాగుతుంటాయి. మా తమ్ముడికి తొమ్మిదేళ్లు అప్పుడు, ఆడుకుంటూ పోయి మోచెయ్యి గొట్టానికి ఆనించాడు. అవ్వ పరిగెత్తుకొచ్చి గుప్పెడు పసుపు తెచ్చి కాలిన చోటంతా అద్దేసింది, ప్రేమతోనే. మర్నాడు బొబ్బలు చితికి, పసుపూ రసీ కలిసి అట్టకట్టి, జ్వరం వచ్చి ఒంగోలు తీసుకెళ్తే, ఎంత లోతు కాలిందో చూడాలంటే ముందు ఈ పసుపంతా కడగాలి అన్నారు డాక్టరు. ఆ కడిగేటప్పుడు వాడు అరిచిన అరుపు వరండాలో ఉన్న మా అందరికీ వినబడింది. అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ తర్వాత ఎవరికైనా కాలిందని తెలిస్తే చాలు, "నీళ్లు పొయ్యండి, పసుపు పెట్టబాకండి" అని కేకేసేది.

కాలితే చేయాల్సింది ఇంతే. కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు. ఐస్ వద్దు, పేస్టు వద్దు, పసుపు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, అరచెయ్యి కంటే పెద్దగా కాలినా, ముఖం మీదా చేతుల మీదా కాలినా ఆసుపత్రికే.

జలుబుకి, గొంతుకి

పసుపు పాలు అందరూ చేసేవే కానీ చాలామంది చివర్లో పాలల్లో పచ్చి పసుపు పొడి కలిపి ఇచ్చేస్తారు, పిల్లలు ఆ వాసనకి ముఖం తిప్పుకుంటారు. ఇలా చేయండి. పెద్దవాళ్లకైతే ఒక గ్లాసు పాలు, పావు చెంచా పసుపు, మూడు నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచినవి. పాలు పొంగు రాగానే సెగ తగ్గించి పసుపు, మిరియాలు వేసి ఐదు నిమిషాలు మరగనివ్వండి. పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి, వడకట్టి, అప్పుడు తాటిబెల్లం కలపండి. మరుగుతున్నప్పుడే బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. వెన్న తీయని పాలే వాడండి, పసుపులో రంగునీ గుణాన్నీ ఇచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది.

మిరియాలు ఎందుకంటే కారణం ఉంది. కర్క్యుమిన్ ఉత్తగా మింగితే ఒంటికి పట్టేది చాలా తక్కువ, చాలా వరకు బయటికే పోతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మనుషులకి 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగింది. మన పెద్దవాళ్లు పసుపు వేసిన చోటల్లా మిరియాలు కూడా ఎందుకు వేశారో గానీ చాలా మంచి పని చేశారు. అయితే ఇదే పైపరిన్ కొన్ని రకాల మందు బిళ్లల్ని కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది, కాబట్టి ఫిట్స్‌కో గుండెకో రోజూ బిళ్లలు వేసుకునే వాళ్లు డాక్టర్‌ని అడిగాకే ఈ పాలు అలవాటు చేసుకోండి.

పిల్లలకి రెండేళ్లు దాటాక అర గ్లాసు పాలల్లో చిటికెడు పసుపు, ఒక్క మిరియం చాలు. ఏడాది లోపు బిడ్డకి అసలు వద్దు. జలుబు ఎటూ వారంలో తగ్గుతుంది, ఈ పాలు దాన్ని పోగొడతాయని నేను చెప్పను. గొంతుకి వెచ్చగా హాయిగా ఉంటుంది, రాత్రి నిద్ర పడుతుంది, నాకు అది చాలు. మూడు రోజులకి మించి జ్వరం ఉన్నా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, బిడ్డ పాలు తాగడం మానేసినా ఇంటి వైద్యం ఆపండి.

గొంతు నొప్పికి పాల కంటే పుక్కిలించడమే నాకు గుణం ఇచ్చింది. గ్లాసు గోరువెచ్చని నీళ్లు, అర చెంచా ఉప్పు, రెండు చిటికెల పసుపు, రోజుకి మూడుసార్లు, తల వెనక్కి వాల్చి గొంతు దాకా వెళ్లేలా. మింగొద్దు.

ఆవిరి పట్టేటప్పుడు నీళ్లలో పసుపు వేస్తాం కదా, కర్క్యుమిన్ ఆవిరై పైకి వచ్చేది కాదు, వచ్చేది పసుపు వాసన నూనెలే. ముక్కు తెరుచుకునేది ఎక్కువగా ఆ వేడి ఆవిరి వల్లే. వేయాలనుకుంటే అర చెంచా వేసుకోండి, కానీ గిన్నె పొయ్యి మీద నుంచి దించి నేల మీద స్థిరంగా పెట్టి, మూరెడు దూరంలో ముఖం ఉంచి ఐదు నిమిషాలు పట్టండి. చిన్నపిల్లల్ని దుప్పటి కింద కూర్చోబెట్టకండి, గిన్నె తిరగబడిందంటే జలుబు కంటే పెద్ద ప్రమాదం. పసుపు కొమ్ము నిప్పుల మీద కాల్చి ఆ పొగ పీల్చడం మా అవ్వ చేసేది, నేను మానేశాను. పొగ పొగే, ఆయాసం ఉన్నవాళ్లకి అది అసలు పడదు.

బెణికితే పట్టు

మొదటి రోజు వేడి పట్టు వేయకండి. చాలామంది చేసే తప్పు ఇదే. బెణికిన వెంటనే గుడ్డలో ఐస్ ముక్కలు చుట్టి పదిహేను నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు పెట్టి, కాలు దిండు మీద ఎత్తు పెట్టి పడుకోండి. వాపు పెరగడం ఆగాక, అంటే రెండో రోజు దాటాక, అప్పుడు పట్టు.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి, నీళ్లు ఎక్కువ పోయొద్దు. అందులో ఒక చెంచా పసుపు, అర చెంచా కల్లుప్పు వేసి, గరిటెతో కలుపుతూ ఉడికిస్తే హల్వాలాగా దగ్గరపడుతుంది. దించి చల్లారనిచ్చి, మీ మణికట్టు లోపలి వైపు కొంచెం పెట్టి చూసుకోండి, వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. బెణికిన చోట అర అంగుళం మందాన వేసి, పైన పాత నూలు గుడ్డ వదులుగా చుట్టండి. ఆరేకొద్దీ పట్టు బిగుస్తుంది, ఆ బిగువే ఊరటనిస్తుంది. రెండు మూడు గంటలయ్యాక గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా తీయండి, పీకొద్దు. చర్మం గీసుకుపోయి ఉంటే ఈ పట్టు వేయకూడదు, ఉప్పూ పులుపూ మంట పుట్టిస్తాయి. కొందరికి పసుపుతోనే దద్దుర్లు వస్తాయి, మొదటిసారైతే చేతి మీద కొంచెం రాసి ఒక పూట చూసుకోండి.

కాలు కింద పెట్టి నాలుగు అడుగులు వేయలేకపోతున్నా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నా అది బెణుకో ఎముక విరగడమో పట్టుతో తేలదు, ఎక్స్‌రే తీయించండి.

నాట్లకి వెళ్లే వాళ్ల కాళ్లకి

మా అత్త నలభై ఏళ్లు నాట్లు వేసింది. పొద్దున ఏడింటికి మడిలో దిగితే మధ్యాహ్నం దాకా పాదాలు బురదలోనే. వారం తిరిగేసరికి వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, లేచిపోయి, రాత్రంతా దురద. పసుపు మీద ఆమెకున్న నమ్మకం నాకంటే ఎక్కువ, కానీ ఆమె మొదట చేసేది పసుపు రాయడం కాదు. ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు కడిగి, పాత పంచె ముక్కతో ఒక్కో సందూ విడిగా తుడిచి, అరుగు మీద కాళ్లు చాపుకుని గాలికి ఆరనిచ్చేది. పడుకునే ముందే కొబ్బరి నూనెలో పసుపు కలిపి పలుచగా రాసేది. నేను తొందరపడి తడి కాళ్లకే రాస్తే, "తడి పోకుండా ఏం రాసినా లోపల్లోపలే కుళ్లుద్దమ్మా" అని చెయ్యి పట్టుకుని ఆపింది. పదిరోజులైనా తగ్గకపోతే, చీము కనబడితే, కాలు వాచి ఎర్రగా వేడిగా ఉంటే డాక్టర్‌కి చూపించి ఫంగస్ మందు రాయించుకోండి.

ఎంత మించకూడదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి వేసిన నిపుణుల కమిటీ లెక్క ప్రకారం కర్క్యుమిన్ రోజుకి కిలో బరువుకి 3 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదు. 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. మామూలు పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం అనుకుంటే అది 6 గ్రాముల పసుపు, అంటే రెండు తలకొట్టు టీ చెంచాలు. నెల్లూరు చేపల పులుసు కుండకి కూడా మనం అంత వేయం. కాబట్టి కూరల్లో వాడేదానికీ ఒక గ్లాసు పసుపు పాలకీ భయపడక్కర్లేదు.

టెన్షన్ పడాల్సింది ఆన్‌లైన్‌లో దొరికే క్యాప్సూల్స్ గురించి. 95 శాతం కర్క్యుమిన్ ఉన్న 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి వేసుకుంటే సుమారు 16 గ్రాముల పసుపు ఒక్కసారే మింగినట్టు, దానికి తోడు పైపరిన్ కూడా కలిపి అమ్ముతారు. అలాంటివి వాడిన కొందరికి లివర్ దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులు ఇతర దేశాల డాక్టర్లు నమోదు చేశారు. ఇంటి పసుపు మంచిదని తెలుసు కదా అని దాన్నీ దీన్నీ ఒకటే అనుకోకండి.

రక్తం పలుచబడటానికి వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటివి వేసుకునే వాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్న వాళ్లు, షుగర్ బిళ్లలు వాడేవాళ్లు, గర్భిణులు కూరలో పసుపుతోనే ఆగండి. ఆపరేషన్ ఉంటే పసుపు బిళ్లలు వాడుతున్న సంగతి రెండు వారాల ముందే సర్జన్‌కి చెప్పండి. ఐరన్ మాత్రలు వేసుకునే వాళ్లు పసుపు పాలతో వాటిని మింగొద్దు, కొన్ని గంటలు ఎడం ఇవ్వండి. పసుపుతో షుగర్ పోతుంది, క్యాన్సర్ కరిగిపోతుంది అని వాట్సాప్‌లో వచ్చేవి చదివి బిళ్లలు ఆపేసిన వాళ్లని నేను మా ఊళ్లోనే చూశాను. పసుపు ఆ పని చేయదు.

మరకలు

పట్టు వేసిన రాత్రి దుప్పటి, దిండు గలీబు పచ్చబడతాయి, సబ్బు పెట్టగానే ఆ మరక ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది. కంగారు పడకండి, పసుపుకి సున్నం తగిలితే పారాణి అయినట్టే సబ్బులోని క్షారం తగిలి ఎర్రబడింది, కడిగితే మళ్లీ పసుపు రంగులోకే వస్తుంది. సున్నం కలిపితే ఎర్రబడింది కాబట్టి మంచి పసుపే అని తేల్చేయొద్దు, రంగు కలిపిన దాంట్లో కూడా కాస్త పసుపు ఉంటుంది కదా, అదీ ఎర్రబడుతుంది. మరక పడ్డ గుడ్డని సబ్బుతో ఉతికి, పొదలకూరు నిమ్మకాయ చెక్క ఒకటి మరక మీద రుద్ది, తడిగా ఉండగానే గట్టి ఎండలో ఆరేయండి. సీసాలో పసుపుని పాడుచేసే ఎండే ఇక్కడ మనకి సాయం. మరక ఉన్న వైపు సూర్యుడికి తగిలేలా తిప్పి వేస్తే సాయంత్రానికి సగం పోతుంది, మిగిలింది మర్నాటి ఎండకి పోతుంది.